మామగారు చెప్పిన మాట



కిందటి తపస్కాలంలో ఒక శుక్రవారం సాయంత్రం సిలువమార్గం ముగిసింది. అందరూ వెళ్ళిపోయాక ఒక తల్లి గుడి వెనుక గది గుమ్మం దగ్గర నిలబడింది. ఆమె భర్తకు మా ఊరి బజారులో కిరాణా కొట్టు ఉంది. కాసేపు మాట్లాడలేక, చివరకు ఇలా అంది:

"ఫాదరు గారూ, మా ఆయన మంచివారే. తాగుడు లేదు, పేకాట లేదు. కాని ఆయన ఇంట్లో ఉన్నారో లేరో మాకు తెలియడం లేదు. కంచం ముందు కూర్చుని కూడా లెక్కలే వేస్తారు. పిల్లవాడు ఏదన్నా అడిగితే కసురుతారు. మొన్న రాత్రి ఒంటిగంటకు లేచి కూర్చుని, 'నాకు దేనిమీదా మనసు లేదే' అని ఏడ్చారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన ఏడవడం నేను చూడలేదు."

ఆయనను నేను బాగా ఎరుగుదును. తెల్లవారుజామున 5 గంటలకు పాల ప్యాకెట్ల కోసం షట్టరు ఎత్తుతాడు. రాత్రి 10 దాటాక దించుతాడు. ఆదివారం మొదటి పూజకు వస్తాడు గాని, తలుపు దగ్గరే నిలబడి, దివ్యసత్ప్రసాదం పుచ్చుకోగానే వెళ్ళిపోతాడు. కొట్టు తెరవాలి కదా! రెండేళ్ళ క్రితం ప్రసంగంలో నేనే ఆయనను చూపించి, "కష్టపడడమంటే ఈయనను చూసి నేర్చుకోండి" అన్నాను. ఆ తల్లి కన్నీళ్ళు చూసినపుడు నా ప్రశంస నాకే ముల్లులా గుచ్చుకుంది. ఒక మనిషి లోపల ఆరిపోతుంటే, బయటి వెలుగు చూసి నేను చప్పట్లు కొట్టించాను.

ఈ స్థితికి నేటివారు 'బర్నవుట్' అని పేరు పెట్టారు. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ మాటతో ఒక వ్యాసం రాశాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని జబ్బుగా కాక, పనివల్ల కలిగే స్థితిగా గుర్తించి మూడు లక్షణాలు చెప్పింది: సత్తువ ఉడిగిపోవడం, చేసే పనిమీద విరక్తి పుట్టడం, చేసిన పని ఫలించకపోవడం. మన ఇళ్ళలో దీపం వెలిగించేవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ప్రమిదలో నూనె ఉన్నంతసేపు నూనె కాలుతుంది, వత్తి నిలుస్తుంది. నూనె అయిపోయాక వత్తి తనను తానే కాల్చుకుంటుంది. అప్పుడు వెలుగు తక్కువ, పొగ ఎక్కువ. ఆ పొగ మొదట చేరేది భార్యాబిడ్డల కళ్ళలోకే.

పొద్దుటినుండి సాయంత్రం వరకు

ఆ రాత్రి నేను పవిత్ర గ్రంథం తెరిచి నిర్గమకాండం 18వ అధ్యాయం చదివాను. ఇశ్రాయేలు ప్రజలు ఎర్ర సముద్రం దాటారు. మన్నా తిన్నారు. బండనుండి నీళ్ళు తాగారు. ఇంత గొప్ప కార్యాలు చేతులమీదుగా జరిగిన మోషే దగ్గరకు ఆయన మామగారు యిత్రో వచ్చాడు. ఒంటరిగా రాలేదు. కూతురు సిప్పోరాను, మనుమలు గెర్షోమును, ఎలియెజెరును వెంటబెట్టుకుని వచ్చాడు. మోషే వారిని పుట్టింటికి పంపివేసి ఉన్నాడని గ్రంథం చెబుతున్నది. ఒక జాతినంతటినీ నడిపించిన మనిషి చెంత తన ఇల్లాలు, తన పిల్లలు లేరు! ఈ వాక్యాన్ని మనం తొందరగా దాటిపోతాము. ఇకమీదట దాటిపోవద్దు.

మరునాడు యిత్రో ఒక పక్కగా ఉండి అల్లుని పని చూశాడు. మోషే ఒక్కడే తీర్పు చెప్పడానికి కూర్చున్నాడు. ప్రజలు పొద్దుటినుండి సాయంత్రం దాకా ఆయన చుట్టూ నిలబడి ఉన్నారు. పెద్ద తగాదా ఆయన దగ్గరకే, చిన్న తగాదా ఆయన దగ్గరకే. మన కొట్టు యజమాని సంగతీ అంతే. గల్లాపెట్టె ఆయనే, కాటా ఆయనే, హోల్‌సేల్ బజారుకు ఆయనే, అరువు పద్దు ఆయనే, చీపురు కూడా ఆయనే.

ఇదేమి పని అని మామగారు అడిగితే, ప్రజలు నా దగ్గరకే వస్తున్నారు కదా అని మోషే జవాబిచ్చాడు. నేటి యజమాని చెప్పే జవాబు కూడా ఇదే: నేను లేకపోతే ఎలా నడుస్తుంది? అప్పుడు యిత్రో మొగమాటం లేకుండా చెప్పాడు. నీవు చేసే పని మంచిది కాదు, నీవూ నలిగిపోతావు, నీ ప్రజలూ నలిగిపోతారు, ఈ భారం ఒక్కడు మోసేది కాదు అని హెచ్చరించాడు. ఆయన తప్పుపట్టింది మోషే సోమరితనాన్ని కాదు, మోషే కష్టాన్ని. చెడ్డ పనిని మానుకొమ్మని చెప్పేవారు చాలామంది దొరుకుతారు. మంచి పనిని మితిమీరి చేస్తున్నావని చెప్పడానికి మామగారంతటి చనువు, ప్రేమ ఉండాలి.

మోషే దేవునితో ముఖాముఖి మాట్లాడినవాడు. అయినా ఈ మాట దేవుడు మేఘంలోనుండి చెప్పలేదు, ఇంటికి వచ్చిన చుట్టంచేత చెప్పించాడు. మోషే కూడా నాకు తెలియదా అనలేదు, విన్నాడు. అమ్మా, అయ్యా, మీ ఇంట్లో మీ భార్య, మీ తమ్ముడు, మీ బావమరిది "కాస్త ఆగరాదా" అంటున్నారా? ఆ గొంతులో ఎవరు మాట్లాడుతున్నారో ఒక్కసారి ఆలోచించండి.

ఫరో ఎక్కడ ఉన్నాడు?

తత్వశాస్త్రం చదివే రోజుల్లో మేము అరిస్టాటిల్ నీతిశాస్త్రంలో ఒక భావం నేర్చుకున్నాం. మనిషి తీరిక కోసం పనిచేస్తాడు, పని కోసం తీరికను వాడుకోడు. పునీత తోమాసు అక్వినాసు కూడా శరీరానికి ఉన్నట్టే మనసుకూ అలసట ఉంటుందని, దానికీ విశ్రాంతి కావాలని బోధిస్తూ ఒక పాత కథ చెబుతాడు. అపొస్తలుడైన పునీత యోహాను శిష్యులతో సరదాగా ఆడుకుంటుంటే కొందరు నొచ్చుకున్నారట. విల్లు పట్టుకుని ఉన్న ఒకనిని పిలిచి, బాణం వేయమన్నాడు. మళ్ళీ వేయమన్నాడు. ఇలా ఆగకుండా వేయగలవా అని అడిగాడు. అలా చేస్తే విల్లు విరిగిపోతుందని అతడన్నాడు. మనసు కూడా అంతే అన్నాడు యోహాను.

ఇది తెలియనివారు ఎవరు? తెలిసి కూడా ఎందుకు ఆగలేకపోతున్నాం? ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం చూడండి. అక్కడ విశ్రాంతిదినపు ఆజ్ఞ నీకు, నీ బిడ్డలకు, నీ పనివారికి, నీ ఎద్దుకు, నీ గాడిదకు కూడా వర్తిస్తుంది. కారణం కూడా చెప్పబడింది: ఐగుప్తులో నీవు బానిసవై ఉన్నావని జ్ఞాపకముంచుకో. ఫరో బానిసలకు గడ్డి ఇవ్వకుండా, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్నాడు. కొట్టులో పనిచేసే కుర్రవానికి వారపు సెలవు ఇప్పించడానికి చట్టం ఉంది. యజమానికి సెలవు ఇచ్చేవారెవరు? తన ఇటుకల లెక్క తానే రాసుకుంటాడు, తన వీపుమీద కొరడా తానే ఝళిపిస్తాడు. ఫరో అతడే, బానిస అతడే. అందుకే యజమానికి ఈ దేవుని ఆజ్ఞ పనివానికంటె ఎక్కువ అవసరం.

1981లో పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు శ్రమను గురించి రాసిన లేఖలో, మనిషి కోసం పని ఉన్నదిగాని పని కోసం మనిషి లేడని నేర్పారు. మనిషి పనిలో దేవుని పోలి ఉన్నట్టే విశ్రాంతిలోనూ దేవుని పోలి ఉండాలని చెప్పారు. ప్రభువు దినం గురించి 1998లో మరో లేఖ రాశారు. ఏడవ దినాన విశ్రమించిన దేవుడు అలసిపోయి విశ్రమించలేదు. చేసినదానిని చూసి సంతోషించడానికి ఆగాడు. ఇరవై ఏళ్ళు కొట్టు నడిపి, ఒక్కనాడైనా దానిని చూసి "దేవునికి స్తోత్రం" అని తృప్తిగా కూర్చోలేని మనిషికి ఆ కొట్టు దీవెనగా మిగిలిందా?

నా తాళపుచెవులు

ఇదంతా మీకు చెబుతూ నా సంగతి దాచుకోవడం న్యాయం కాదు. కొన్నేళ్ళ క్రితం నేను ఒక విచారణలో సమావేశ మందిరం కట్టించాను. సిమెంటు బస్తాల లెక్క నాదే, మేస్త్రీల కూలి నాదే, జపమాల కూటాలకు ఎవరు ఎక్కడికి వెళ్ళాలో చెప్పడమూ నాదే. తాళపుచెవులన్నీ నా నడుముకే. రాత్రి జపపుస్తకం తెరిస్తే కళ్ళు మూతపడేవి. చావుబతుకుల్లో ఉన్నవారి ఇంటినుండి పిలుపు వస్తే, దేవుడు నన్ను క్షమించుగాక, మొదట విసుగు కలిగేది.

ఆ స్థితిలో ఏటేటా జరిగే ధ్యానవడకానికి ఎనిమిది రోజులు వెళ్ళవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి మా ఉపదేశి సంతోషంగా, "ఫాదరు గారూ, అన్నీ సక్రమంగా జరిగాయి. మీరేమీ బెంగపెట్టుకోవద్దు" అన్నాడు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. మనసు చివుక్కుమంది. నేను లేకపోయినా జరిగిపోయిందా అనిపించింది. ఆ చివుక్కుమన్న చోటే నా జబ్బు ఉందని ఆనాడు తెలిసింది. నేను పనిని ప్రేమిస్తున్నాననుకున్నాను. నిజానికి నేను లేనిదే పని జరగదన్న ఊహను ప్రేమిస్తున్నాను. లోకాన్ని మోసే దేవుడు ఒకడు ఉండగా, ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను.

12వ శతాబ్దంలో పునీత బెర్నార్డు దగ్గర శిష్యునిగా ఉన్న ఒక సన్యాసి 1145లో మూడవ యూజీను పేర పోపు అయ్యాడు. ఆయన రాత్రింబగళ్ళు వ్యాజ్యాలలో మునిగిపోవడం చూసి బెర్నార్డు ఒక గ్రంథమే రాసి పంపాడు. ఆగని పనులు మనిషి గుండెను మెల్లగా బండబారుస్తాయని, నీ బావినీరు లోకమంతా తాగుతుంటే నీవొక్కడివే దాహంతో ఉండడం తగదని గురువుగా హెచ్చరించాడు. పోపుగారికే తప్పని హెచ్చరిక విచారణ గురువుకు తప్పుతుందా? కొట్టు యజమానికి తప్పుతుందా?

మన ప్రభువునే చూడండి. కఫర్నాములో ఒక రాత్రి ఊరంతా ఆయన గుమ్మం ముందు చేరింది. తెల్లవారకముందే ఆయన లేచి, నిర్జన ప్రదేశానికి పోయి ప్రార్థించాడు. అందరూ నీకోసం వెదకుతున్నారని సీమోను వచ్చి చెప్పినా, ఆయన వెనక్కి పరుగెత్తలేదు. ఇతర గ్రామాలకు వెళ్దామన్నాడు. వెదకేవారు మిగిలి ఉండగానే ఆయన పక్కకు తప్పుకోగలిగాడు. శిష్యులకు భోంచేయడానికైనా తీరిక లేనప్పుడు ఏకాంతంగా వచ్చి కొంచెం సేద తీర్చుకొమ్మని వారినీ పిలిచాడు.

నష్టం మాటేమిటి?

"ఫాదరు గారూ, మీకు వడ్డీలు లేవు, చిట్టీలు లేవు. ఒక్క పూట కొట్టు మూస్తే ఖాతాదారుడు పక్క కొట్టుకు పోతాడు. పోయినవాడు తిరిగి రాడు" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. ఆ కిరాణా కొట్టు సోదరుడు కూడా నాతో అదే అన్నాడు. ఆ భయం నిజమైనది. దానిని నేను తేలిక చేయను. నేడు పెద్ద పెద్ద మార్టులు వచ్చాయి. ఫోనులో నొక్కితే సరుకు గుమ్మం దగ్గరకు వస్తున్నది. చిన్న కొట్టువాని కడుపులో గుబులు ఉండడం సహజం.

అయితే మన్నా సంగతి గుర్తు చేసుకోండి. ఆరవ రోజున రెండు రోజులకు సరిపోయినంత దొరికింది. దేవుని మాట నమ్మక ఏడవ రోజున కూడా బయటికి వెళ్ళినవారికి ఏమీ దొరకలేదు. ఆదివారం మూస్తే సోమవారం రెట్టింపు బేరం వస్తుందని నేను హామీ ఇవ్వడం లేదు. కొంత నష్టం రావచ్చు. కాని మూయకపోవడంవల్ల వస్తున్న నష్టం ఏ పద్దులో రాస్తున్నారు? సీరాపుత్రుని జ్ఞానగ్రంథం, పరుగెత్తి పాటుపడేవాడే ఒక్కోసారి వెనుకబడిపోతాడని 11వ అధ్యాయంలో చెబుతున్నది. చింత మనిషికి ముందే ముసలితనం తెస్తుందని 30వ అధ్యాయంలో చెబుతున్నది. నిద్రలేని మనిషి తూకంలో పొరబడతాడు, బాకీ రాయడం మరచిపోతాడు, చిల్లర కోసం వచ్చినవారిమీద అరుస్తాడు. అలసట కూడా ఖాతాదారులను పోగొడుతుంది.

వెనక్కి తగ్గడమంటే కొట్టు అమ్ముకోవడం కాదు. యిత్రో మోషేను పని మానుకొమ్మనలేదు. సమర్థులను, దైవభీతి గలవారిని, నమ్మదగినవారిని, లంచమంటే అసహ్యించుకునేవారిని ఎంచుకొమ్మన్నాడు. పదిమందికి ఒకరిని, యాభైమందికి ఒకరిని, నూరుమందికి, వెయ్యిమందికి ఒకరిని నియమించి, చిన్నవి వారికి వదలి, పెద్దవి మాత్రం నీ దగ్గర ఉంచుకొమ్మన్నాడు. మన కొట్లకు దీనిని ఇలా అన్వయించుకోవచ్చు:

ఒకటి, మీరు చేసే పనులన్నీ ఒక కాగితంమీద రాయండి. మీరు తప్ప ఎవరూ చేయలేనివి ఎన్ని? సరుకు కొనుగోలు, అప్పు ఇవ్వడం, పన్ను లెక్క వంటివి మీవే కావచ్చు. తూకం, పొట్లాలు, చిల్లర, సర్దుబాటు ఇతరులు నేర్చుకోగలరు.

రెండు, తలలో ఉన్న లెక్కను పుస్తకంలోకి దించండి. ధర, బాకీ, హోల్‌సేల్ వ్యాపారి ఫోను నంబరు మీ తలలోనే ఉంటే, మీరు మంచమెక్కిన రోజున మీ ఇల్లాలు దిక్కుతోచక నిలబడుతుంది.

మూడు, నేర్చుకునేవానిని తప్పు చేయనివ్వండి. కుర్రవాడు యాభై రూపాయలు పొరబాటు చేస్తే అది చదువుకు కట్టిన ఫీజు అనుకోండి. ఆ కోపంతో గల్లాపెట్టె తాళం మళ్ళీ లాక్కున్నారంటే, ఆ తాళం మీ మెడకే పడుతుంది.

నాలుగు, ఆదివారం మధ్యాహ్నంనుండి మొదలుపెట్టండి. రెండు వారాల ముందే పలకమీద రాసి తగిలించండి. ఆ పూట ఫోను కూడా విశ్రమించాలి. పూజ ముగిసేదాకా ఉండండి. పిల్లలతో కలిసి అన్నం తినండి. ఆ అన్నం దగ్గర ధరల మాట వద్దు.

ఐదు, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతుకుమీద ఆశ పోయినా, అది భక్తి తక్కువై వచ్చిందని కుమిలిపోవద్దు. వైద్యుని దగ్గరకు వెళ్ళండి. ఏలీయా ప్రవక్త ఇక చాలు, చనిపోతానని చెట్టుకింద పడుకున్నపుడు దేవదూత ఆయనను మందలించలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చి, మళ్ళీ నిద్రపోనిచ్చాడు.

కొట్టు లేని మనకు కూడా ఇందులో వాటా ఉంది. రాత్రి 11 గంటలకు అగ్గిపెట్టె కోసం షట్టరు కొట్టేది ఎవరు? మూడు నెలల బాకీ పెట్టి, అటు రావడమే మానేసి, పెద్ద ఊరి మార్టులో రొక్కం పెట్టి కొనేది ఎవరు? ఆ రాత్రి ఒంటిగంటకు ఆయన లేచి కూర్చున్నది మన బాకీలు లెక్కపెట్టుకుంటూనే. కూలివాని కూలి రాత్రంతా మన దగ్గర ఉంచుకోరాదని లేవీయకాండం నేర్పుతున్నది. చిన్న కొట్టువాని బాకీ కూడా అతని కూలియే. ఆదివారం ఇతరులకు ప్రభువు దినాన్ని దక్కకుండా చేసే అనవసరపు పనులు చెప్పరాదని శ్రీసభ సత్యోపదేశం స్పష్టంగా నేర్పుతున్నది.

ఆ సోదరుని సంగతి చెప్పి ముగిస్తాను. వైద్యుడు మందులు ఇచ్చాడు. కొట్టు ఇపుడు ఆదివారం మధ్యాహ్నం మూసి ఉంటున్నది. సాయంత్రాలు కొడుకు కూర్చుంటున్నాడు. కొందరు ఖాతాదారులు పోయిన మాట నిజమే. చిట్టీ ఇంకా తీరలేదు. ఈ ఏడు ఫిబ్రవరిలో మాత్రం చాలా ఏళ్ళ తరువాత భార్యాబిడ్డలతో గుణదల మాత తిరునాళ్ళకు వచ్చాడు. కొండ దిగువన నాకు కనిపించాడు. "కొట్టుకు ఫోను చేశావా?" అని అడిగాను. "రెండుసార్లు చేశాను ఫాదరు గారూ. రెండోసారి మావాడు ఎత్తలేదు. బేరంలో ఉన్నాడేమో" అని నవ్వాడు. పక్కన ఆయన భార్య కూడా నవ్వింది.

ప్రభువా, మా చేతుల కష్టాన్ని దీవించుము. ఆ చేతులను ముడుచుకుని నీ ముందు కూర్చునే ధైర్యాన్ని కూడా మాకు దయచేయుము. మేము నిద్రించేవేళ మా ఇంటిని, మా అంగడిని కాచేవాడవు నీవేనని నమ్మే మనసు మాకిమ్ము. నజరేతు వడ్రంగి అంగడిని నడిపిన పునీత జోజప్పగారా, మా కొరకు ప్రార్థించండి. ఆమెన్.